పూడిమడక ఉదజని యెవరి పాలు?

ఆనందపురము కూడలి వద్ద జాతీయ రహదారి రెండుగా చీలును. ఒక శాఖ విశాఖపట్టణములోనికి పోవును. రెండవది పెందుర్తి, సబ్బవరముల మీదుగా అనకాపల్లి చేరును. ఈ రెండవ దారిని పట్టి దక్షిణముగా పోయి, అచ్యుతాపురము దాటి సముద్రతీరము చేరినవారికి పూడిమడక యను మత్స్యకారుల గ్రామము కానవచ్చును. ఈ గ్రామము చెంత స్థాపింపనున్న హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు విశాఖపట్టణమున జరిగిన సభలో శంకుస్థాపన చేసిరి. ఎన్.టి.పి.సి. సంస్థ పక్షమున నిర్మాణము కానున్న ఈ కేంద్రమునకు పెట్టుబడి సుమారు 1,85,000 కోట్ల రూపాయలని ప్రకటించిరి. 20,000 మెగావాట్ల సౌర, వాయు విద్యుచ్ఛక్తి దీనికి ఆధారము. దినమునకు 1,500 టన్నుల ఉదజని, దానినుండి 7,500 టన్నుల మేర మెథనాలు, యూరియా, విమాన ఇంధనము మున్నగు పదార్థములు తయారగునని చెప్పిరి. ముఖ్యముగా విదేశ విపణులకు ఎగుమతి చేయుట యుద్దేశమనియు అదే ప్రకటనలో నున్నది.

ఈ వార్త విని పట్టణవాసులు సంతసించిరి. పల్లెలయందలి భూస్వాములు, రైతులు ఇది యేదో కర్మాగారముల గొడవ, మనకు సంబంధించినది కాదని యూరకుండిరి. ఇరువురును తొందరపడిరని మా యభిప్రాయము. పట్టణవాసి సంతసింపవలసినది యున్నది. కాని యంతకుముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. రైతునకు సంబంధము లేదనుట మాత్రము వట్టి భ్రమ. ఆనందపురము చుట్టుప్రక్కల పూలతోటలకు, కూరగాయ మడులకు, వరిచేలకు ఏటేట చల్లుచున్న యూరియా పుట్టుకయే ఉదజనిలో నున్నది. ఈ యుదజని యెవరి పాలు కానున్నదను ప్రశ్న కర్మాగారములదే కాదు, పొలము గట్టుపై నిలిచినవానిది కూడ.

పేరులోని యర్థము

1766లో ఇంగ్లండు దేశమున హెన్రీ కావెండిష్ పండితుడు లోహములపై ఆమ్లములను పోసినపుడు వెలువడు నొక గాలిని వేరుపరచి, అది మండు స్వభావము గలదనియు, సాధారణమైన గాలికన్న మిక్కిలి తేలికయనియు నిరూపించెను. 1783లో పరాసు దేశస్థుడైన లవోయిజియే ఆ గాలి మండినపుడు నీరు పుట్టునని స్థిరపరచెను. నీటిని పుట్టించునది యను అర్థము వచ్చునట్లు గ్రీకు ధాతువులతో దానికి పేరు కుదిరెను. మన పండితులు అదే యర్థమును గ్రహించి ఉదజని యనిరి. అయితే పూడిమడకలో తలపెట్టిన పనిలో ఈ సంబంధము తారుమారగుచున్నది: అచట నీరే తల్లి, ఉదజని బిడ్డ.

సృష్టిలో ఉదజనికన్న తేలికైన మూలద్రవ్యము లేదు, దానికన్న విరివియైనదియు లేదు. సూర్యునిలో దాదాపు మూడువంతులు అదియే. కాని భూమిపై నది విడిగా దొరకుట యరుదు. నీటిలో ఆమ్లజనితోను, నూనెలలోను సహజవాయువులోను కర్బనముతోను, ఎరువులో నత్రజనితోను పెనవేసికొని యుండును. ఈ బంధమును త్రెంచుటకు శక్తి వ్యయము చేయవలయును. కావున ఉదజని బొగ్గువలె త్రవ్వుకొను నిధి కాదు. మనము సంపాదించిన శక్తిని మోయు సంచి మాత్రమే. సంచిలో మనము వేసినదానికన్న ఎక్కువ యెన్నడును తీయలేము.

ఆ లెక్క పాఠకులు తెలిసికొనదగినది. ఒక కిలో ఉదజనికి కనీసము 9 కిలోల శుద్ధజలము కావలయును. దానిని విద్యుత్తుతో విడదీసినచో 8 కిలోల ఆమ్లజని ప్రక్కన మిగులును. నేటి యంత్రములతో ఇందులకగు విద్యుత్తు 50 నుండి 55 యూనిట్లు. ఆ ఉదజనిని మరల విద్యుత్తుగా మార్చినచో పెట్టినదానిలో సగము కూడ చేతికి రాదు. దీనినిబట్టి యొక నీతి తేలుచున్నది. విద్యుత్తు తానే నేరుగా చేయగల పనికి ఉదజనిని వాడుట దుబారా. ఉదజని లేనిదే జరుగని పనులు కొన్ని గలవు: నత్రజని యెరువు తయారుచేయుట, ముడినూనెలోని గంధకమును తొలగించుట, బొగ్గు లేకుండ ఇనుపరాతిని ఇనుముగా మార్చుట. విలువగల యుదజనికి మొదటి స్థానము వీనియందే యుండవలయును.

ఈ మూడు పనులును విశాఖ మండలమునకు క్రొత్తవి కావు. నగరములోని నూనె శుద్ధి కర్మాగారము 1957 నుండి పనిచేయుచున్నది. ఉక్కు కర్మాగారము 1992లో జాతికంకితమైనది. ఎరువుల తయారీ 1960 దశకమునుండి సాగుచున్నది. ఈ మూడింటికిని కావలసిన ద్రవ్యము ముప్పది నలువది మైళ్లలోనే పుట్టబోవుచుండగా, దానిని ముందుగా ఓడ కెక్కించుట యేమి న్యాయము?

యూరియా బస్తాలోని ఉదజని

గాలిలో అయిదింట నాలుగువంతులు నత్రజనియే యైనను మొక్క దానిని నేరుగా గ్రహింపలేదు. జర్మను రసాయనవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో నత్రజనిని ఉదజనితో, మిక్కుటమైన పీడనముక్రింద, వేడిమిలో, ఉత్ప్రేరకపు సాయమున కలిపి అమ్మోనియా చేయుట సాధ్యమని చూపెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారపు స్థాయికి పెంచగా 1913లో ఓపౌ పట్టణమున ఉత్పత్తి మొదలైనది. నేడు ప్రపంచమున తినుచున్న తిండిలో పెద్దభాగము ఈ సంయోగముపై నాధారపడి యున్నది. అమ్మోనియాలో తూకమున 17 పాళ్లకు 14 పాళ్లు నత్రజని, 3 పాళ్లు ఉదజని. ఈ అమ్మోనియాను బొగ్గుపులుసు వాయువుతో కలిపినచో యూరియా యగును.

ఇక మన యింటి కొట్టులోని బస్తాను విప్పి చూతము. 45 కిలోల యూరియా తయారగుటకు ఇరువదియైదున్నర కిలోల అమ్మోనియా కావలయును. ఆ అమ్మోనియాకు నాలుగున్నర కిలోల ఉదజని కావలయును. అనగా బస్తా తూకములో సరిగా పదవవంతు ఉదజని కావలయును. దీనిని నీటినుండి తీసినచో ఒక బస్తాకు, ఉదజని వరకే, 225 యూనిట్లకు తక్కువకాని విద్యుత్తు వ్యయమగును. రైతు చెల్లించు ధర, వేపపూత ఖర్చు, పన్నులు కాక, 242 రూపాయలు. మిగిలిన వ్యయమంతయు ప్రభుత్వ ధనాగారము భరించుచున్నది. ప్రభుత్వ ధనాగారమనగా మనమే.

తల్లి మారినపుడెల్ల

ఈ దేశమున ఎరువుల పరిశ్రమ చరిత్ర యనగా ఉదజనిని ఎచటనుండి తేవలయునను వెదకులాట చరిత్రయే. 1947లో కేరళమునందలి ఆలువాయి కర్మాగారము వంటచెరకును కాల్చి, ఆ వాయువునుండి ఉదజనిని తీసి అమ్మోనియా చేసినది. 1951లో బీహారునందలి సింద్రీ కర్మాగారము బొగ్గును, నీటియావిరిని ఆశ్రయించినది. 1960 దశకారంభమున పంజాబునందలి నంగల్ కర్మాగారము భాక్రా విద్యుత్తుతో నీటిని విడదీసి ఉదజనిని తీసినది. భారజలము కూడ అచటనే లభించినది. కావున నీటినుండి ఎరువు తీయుట నేడు పుట్టిన వింత కాదు. పూడిమడకకు అరువది యేండ్లకు పూర్వమే మన దేశమున నది జరిగినది. విద్యుత్తుకు ఇతరావసరములు పెరిగి, నూనెలు చౌకగా తోచినపుడు ఆ మార్గమును విడిచిరి.

తెలుగునాట రామగుండము కథ ఇంతకన్న బోధకము. సింగరేణి బొగ్గు దాపుననే యున్నదను నమ్మకముతో కట్టిన యెరువుల కర్మాగారము 1980లో వాణిజ్యోత్పత్తికి వచ్చినది. యంత్రలోపములు, విద్యుత్కొరత దానిని నిలువనీయలేదు. నష్టములు పెరిగి 1999లో మూతపడినది. రెండు దశాబ్దములు తుప్పుపట్టిన పిమ్మట, అదే స్థలమున సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారము 2021లో ఉత్పత్తి నారంభింపగా, 2022 నవంబరులో దానిని జాతికంకితము చేసిరి. దాని సామర్థ్యము ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా. బొగ్గుగనుల నడుమ నున్న కర్మాగారము నేడు గొట్టములగుండ వచ్చు వాయువుకై యెదురుచూచుచున్నది.

ఆ వాయువు ఎచటిది? దేశమునందలి యెరువుల కర్మాగారములు వాడు సహజవాయువులో అధికభాగము ద్రవరూపమున ఓడలమీద విదేశములనుండి వచ్చుచున్నది. యూరియాను ఇచటనే తయారుచేసితిమని మనము గర్వించునపుడు, అందలి ఉదజని చాలవరకు పరదేశపు నేలనుండి వచ్చినదని మరచుచున్నాము. 2022లో యూక్రెయిను యుద్ధము వచ్చి వాయువు ధర మిన్నంటినపుడు ఈ మరపునకు మూల్యము చెల్లించితిమి: 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలకు చేరినది. ఇదిగాక 2023-24లో దేశమున 314 లక్షల టన్నుల యూరియా తయారు కాగా, మరి 70 లక్షల టన్నులు తయారైన సరకుగానే దిగుమతి చేసికొంటిమి. 2025 ఖరీఫు కారున తెలుగు రాష్ట్రములు రెండింటను రైతులు యూరియాకై సహకార సంఘముల ముందు తెల్లవారుజాముననే బారులు తీరిన దృశ్యమును పాఠకులింకను మరచియుండరు. వానలు కురిసినవి, నాట్లు పడినవి, ఎరువు మాత్రము రాలేదు. వరి పిలకలు వేయుకాలము ఓడరాకకై యాగునది కాదు.

ఎగుమతి వాదము

ఎగుమతిని సమర్థించువారి వాదమును మేము తేలికగా త్రోసిపుచ్చుట లేదు. వారనునది యిది: విద్యుద్విశ్లేషణముచే తీసిన ఉదజని నేడు ఖరీదైనది; దానిని కొనగల స్తోమతు ఐరోపాకు, జపానుకు, కొరియాకు గలదు; వారు ధర చెల్లించి మన కర్మాగారములను నిలబెట్టినచో, పనితనము పెరిగి ధర తగ్గిన పిమ్మట మనము వాడుకొందము. సౌరవిద్యుత్తు విషయమున ఇట్లే జరిగినది కదా యని దృష్టాంతము చూపుదురు. ఇందులో నిజము కొంత గలదు. కొనువాడు లేని సరకును ఎవరును తయారుచేయరు.

అయినను ఈ వాదమున నొక లోపము గలదు. ప్రత్తిని పంపి బట్టను కొన్న దేశము మనది. ముడిసరకు మనది, ధర నిర్ణయించువాడు వేరొకడు అయినపుడు ఏమి జరుగునో మనకు పుస్తకములు చదివి నేర్చుకొన నక్కరలేదు. ఒక రేవున అమ్మోనియా నెక్కించి, ప్రక్కరేవున యూరియాను, ద్రవవాయువును దించుకొనుట వడ్లమ్మి నూకలు కొనుటవంటిది. ఎగుమతి విపణియు స్థిరమైనది కాదు. కొనువారి చట్టములు మారినను, ధరలు తగ్గినను, లక్షకోట్లు వెచ్చించి కట్టిన యంత్రములు తీరమున పడియుండును. ఇంటి గిరాకి అట్టిది కాదు. తిండి తినువారున్నంతకాలము ఎరువునకు గిరాకి యుండును.

లెక్క చూతము. దినమునకు 1,500 టన్నులనగా ఏటికి సుమారు 5.5 లక్షల టన్నుల ఉదజని. యూరియా తూకమున పదవవంతు ఉదజని కావలయునని పైన చూపితిమి. కావున పూడిమడక ఉదజనినంతటిని యూరియాకే వాడినచో ఏటికి 54 లక్షల టన్నులకు పైగా తయారగును. 2023-24లో దేశము దిగుమతి చేసికొన్న 70 లక్షల టన్నులలో ఇది మూడువంతులకు మించినది. ఒక్క పల్లె తీరమునుండి ఇంతటి లోటు తీరగలదను సంగతి ఎన్ని సభలలో చెప్పిరో మేమెరుగము. కాని ప్రతి రైతునకు తెలియవలసిన సంగతి.

ఇందుగల చిక్కులను దాచుట పత్రికాధర్మము కాదు. మొదటి చిక్కు ధర. 2025లో కేంద్రప్రభుత్వ సంస్థయగు సెకీ ఎరువుల కర్మాగారములకై ఏటా 7.24 లక్షల టన్నుల హరిత అమ్మోనియా సరఫరాకు వేలము జరుపగా, కిలోకు సుమారు 50 నుండి 65 రూపాయల ధర పలికినది. ఈ ధరతో ఒక యూరియా బస్తాకగు అమ్మోనియాకే 1,275 రూపాయలకు తక్కువ కాదు. ఇది నేటి సబ్సిడీభారమును తొలగించునది కాదు. కాని వాయువు ధరవలె ఒక యుద్ధముతో రెట్టింపగునదియు కాదు. ఏండ్ల తరబడి నిలకడగా నుండునట్టిది. పైగా ఆ ధనము దేశముననే తిరుగును.

రెండవ చిక్కు కర్బనము. సహజవాయువునుండి ఉదజనిని తీయునపుడు బొగ్గుపులుసు వాయువు ప్రక్కనే లభించును. యూరియాకు అది కావలయును. నీటినుండి తీసినపుడు అది లభింపదు. 54 లక్షల టన్నుల యూరియాకు 40 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువును వేరుగా సమకూర్చుకొనవలయును. పూడిమడకకు సమీపముననే పరవాడయొద్ద 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్కేంద్రము గలదు, అదియు ఎన్.టి.పి.సి.దే. దాని పొగగొట్టములనుండి ఏటా కోటి టన్నుల మేర ఈ వాయువు ఆకాశమున కలియుచున్నది. పొగనుండి దానిని వేరుపరచుటకు శక్తియు ధనమును కావలయును. అట్లు వేరుపరచిన వాయువు, యూరియా పొలమున కరగినపుడు, మరల గాలిలోనికే పోవును. కావున ఈ యూరియా పేరునకు తగినంత పచ్చనిది కాదు. అయినను పొగ ఒకసారి వృథాగా పోవుటకన్న ఒక పంటకు తోడ్పడి పోవుట మేలు. యూరియాకు బదులు కర్బనము అవసరము లేని అమ్మోనియం సల్ఫేటు, డి.ఏ.పి. వంటి యెరువులకు ఈ అమ్మోనియాను వాడుట మరింత యుక్తము. వానికి అమ్మోనియాను దిగుమతి చేసికొను కర్మాగారములు మన తీరముననే గలవు.

ఉక్కు నేర్పిన పాఠము

హక్కు ముందుగా స్థిరపరచుకొననిచో ఏమగునో విశాఖకన్న బాగుగ నెరిగిన నగరము లేదు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని రాష్ట్రమంతట ప్రజలు ఘోషించిరి, ప్రాణములు పోయినవి, తుదకు కర్మాగారము వచ్చినది. కాని దానికి సొంత ఇనుపగని రాలేదు. తోడి కర్మాగారములు తమ గనులనుండి రాతిని తెచ్చుకొనుచుండగా విశాఖ ఉక్కు విపణిధర చెల్లించి కొనవలసివచ్చెను. దాని కష్టములకు కారణములనేకము గలవు. వానిలో నిది ముఖ్యమైనది. పూడిమడకలో శంకుస్థాపన జరిగిన నెలలోనే, 2025 జనవరి 17వ తేదీన, కేంద్రప్రభుత్వము ఉక్కు కర్మాగారమును నిలబెట్టుటకు 11,440 కోట్ల రూపాయల సాయమును ప్రకటింపవలసివచ్చెను. కట్టడము దక్కి ముడిసరకు దక్కకున్న ఫలము అట్టిది. ఉదజని విషయమున ముడిసరకే మన తీరమున పుట్టుచున్నది. దానిలో మన వాటా మొదటి ఒప్పందముననే వ్రాయబడవలయును. ఓడ కదలిన పిమ్మట రేవున నిలిచి కేకలువేసిన ప్రయోజనము లేదు.

నీరు, విద్యుత్తు

ఉదజనికి నీరే తల్లి యైనపుడు ఆ నీరెవరిదను ప్రశ్న తప్పదు. దినమునకు 1,500 టన్నులకు కనీసము 13,500 టన్నుల, అనగా కోటి ముప్పదియైదు లక్షల లీటర్ల శుద్ధజలము కావలయును. యంత్రములను చల్లార్చుటకు, శుద్ధిలో పోవుదానికి కలిపినచో ఇంతకు రెండు మూడు రెట్లగును. ఏలేరు నీరు ఇప్పటికే ఉక్కు కర్మాగారమునకు, విశాఖ నగరమునకు పంచబడుచున్నది. ఆ కాలువపై క్రొత్త దాహమును మోపరాదు.

సముద్రజలమును మంచినీటిగా మార్చుట మిక్కిలి ఖరీదని కొందరందురు. త్రాగునీటి విషయమున నది నిజము. ఉదజని విషయమున కాదు. వేయి లీటర్ల సముద్రజలమునుండి ఉప్పు తీయుటకు 3 లేక 4 యూనిట్ల విద్యుత్తు చాలును. ఆ వేయి లీటర్లనుండి నూటపది కిలోల ఉదజని తీయుటకు 5,500 యూనిట్లు కావలయును. వేయి రూపాయలకు ఒక రూపాయి కూడ కాని వ్యయమునకై నదినీటిని కోరువారెవరైన నున్నచో, వారి యుద్దేశము పొదుపు కాదని గ్రహింపవలయును. ఇక ఉప్పు తీసిన పిమ్మట మిగులు చిక్కని లవణజలమును ఎచట, ఎంతలోతున విడుతురో పూడిమడక మత్స్యకారులకు ముందుగా తెలుపవలయును. తీరమున చేప తగ్గినచో మొదట తెలిసికొనువారు వారే, నష్టపోవువారును వారే.

విద్యుత్తునుగూర్చి యొక మాట. ఎండ పగలు మాత్రమే యుండును. గాలి యన్ని ఋతువులందును ఒకటిగా వీవదు. యంత్రములు రాత్రియు నడువవలయునని బొగ్గు విద్యుత్తును తగిలించినచో, ఒక కిలో ఉదజనికి 45 కిలోలకు మించిన బొగ్గుపులుసు వాయువు పుట్టును. సహజవాయువునుండి తీసినపుడు పుట్టునది పది కిలోల మేరయే. అనగా దొంగ హరితము అసలు నలుపుకన్న నలుపు. 2023 ఆగస్టులో కేంద్రప్రభుత్వము కిలోకు 2 కిలోలకు మించరాదని హద్దు నిర్ణయించినది. హద్దు మంచిది. గంటగంటకు ఎచటి విద్యుత్తు వాడిరో ప్రజలు చూడగలిగినపుడే ఆ హద్దునకు విలువ.

భయమును దాచరాదు

ఉదజని మంటనుగూర్చి ప్రపంచమునకు 1937 మే 6వ తేదీన అమెరికాలోని లేక్‌హర్‌స్టు వద్ద హిండెన్‌బర్గు విమాననౌక తగులబడి 36 మంది మరణించినపుడే తెలిసినది. గాలిలో నూటికి నాలుగుపాళ్లు మొదలుకొని డెబ్బదియైదు పాళ్ల వరకు ఎంత కలిసినను ఉదజని మండగలదు. చిన్న నిప్పురవ్వ చాలును. మంట పగటివేళ కంటికానదు. దాని యొక సుగుణమేమనగా తేలిక గావున బయటపడినచో శీఘ్రముగా పైకెగసిపోవును. ఇంతకన్న భయపడవలసినది అమ్మోనియాకు. అది కారినపుడు చలిమేఘమువలె నేలనంటి ఊళ్లపైకి ప్రాకగలదు; కన్నులను, ఊపిరితిత్తులను కాల్చును. మెథనాలు త్రాగినవారి కన్నులు పోవును.

ఈ మండలమునకు గాయములు క్రొత్తవి కావు. 1997 సెప్టెంబరు 14న నగరములోని నూనె శుద్ధి కర్మాగారమున వాయువు పేలి సుమారు అరువదిమంది మరణించిరి. 2020 మే 7న తెల్లవారకమునుపే వెంకటాపురము గ్రామముపై స్టైరీను ఆవిరి క్రమ్మి 12 మంది ప్రాణములు కోల్పోయిరి. నిద్రలో నున్నవారికి హెచ్చరిక గంటయైనను వినబడలేదు. 2024 ఆగస్టు 21న, పూడిమడకకు దాపుననే యున్న అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలిలో జరిగిన ప్రమాదమున 17 మంది కార్మికులు మరణించిరి. ప్రతిసారియు విచారణ జరిగినది, పరిహారము ప్రకటింపబడినది.

అపాయకరమైన ఉదజని సంయోగములను జాగ్రత్తతో నడుపుట మనకు రానిదియు కాదు. మణుగూరునందలి భారజల కర్మాగారము 1991 నుండి గంధకముతో కూడిన ఉదజని వాయువును పెద్దమొత్తమున వాడుచున్నది. అది యమ్మోనియాకన్న విషము. పనివారికి శిక్షణ, చుట్టును దూరము, నిరంతర పరీక్ష యున్నచో భయమును అదుపున నుంచవచ్చును. ఆ కట్టుబాటు పూడిమడకకు మొదటి దినమునుండియే రావలయును.

మా కోరికలు

మేము ఈ కేంద్రమునకు విరోధులము కాము. ఒకప్పుడు అదే పూడిమడకలో 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రమును తలపెట్టిరి. దానికి బదులు ఇది వచ్చుట మేలని నిస్సంశయముగా చెప్పుదుము. మేలు మేలుగా నుండుటకే ఈ నాలుగు మాటలు.

మొదటిది: ఉదజనిలోను, దానినుండి పుట్టు అమ్మోనియాలోను మూడవవంతునకు తగ్గని భాగము దేశీయపు ఎరువులకు, ఉక్కునకు, నూనె శుద్ధికి ప్రత్యేకింపవలయును, ఆ నియమమును ఒప్పందములయందే చేర్చవలయును. రెండవది: నీరు సముద్రమునుండియే తీయవలయును; లవణజలము, తీరజలముల పరీక్షాఫలితములను నెలనెల తెలుగున ప్రకటింపవలయును. మూడవది: విద్యుత్తు లెక్క గంటలవారీగా బహిరంగమై యుండవలయును. నాలుగవది: చుట్టు గ్రామములయందు హెచ్చరిక గంటలు, తప్పించుకొను దారులు, వైద్యసాధనములు ఉత్పత్తికి ముందే సిద్ధము కావలయును, యంత్రములను నడుపు పని అచటి యువకులకు నేర్పవలయును. 1930 దశకమునుండియు రసాయన సాంకేతిక విద్యను బోధించుచున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దాపుననే యుండగా, పూడిమడక బిడ్డలు కావలివారుగా మాత్రమే మిగులుట మనకు గౌరవము కాదు.

ఈ కోరికలను శాసనసభ్యులును, లోకసభ సభ్యులును తమంతట తామడుగుదురని మేము నమ్మియుండలేము. అడుగువారున్నపుడే అడుగుదురు. ఆనందపురము మొదలు అచ్యుతాపురము వరకు గల రైతు సంఘములు, సహకార సంఘములు, పట్టణమునందలి వర్తక సంఘములు ఒక్కొక్క తీర్మానము చేసి పంపుట పెద్దపని కాదు. రైతు వచ్చే ఖరీఫున బస్తాను భుజమున నెత్తుకొన్నపుడు అందులకైన నాలుగున్నర కిలోల ఉదజనిని తలచుకొనవలయును. అది పరదేశపు గొట్టమునుండి వచ్చుటయో, మన కడలినీటినుండి వచ్చుటయో, ఒప్పందములింకను వ్రాయవలసియున్న ఈ కాలముననే తేలవలసి యున్నది.